ఘటంలో పోసిన తిలాంబిక్

ఈ మధ్య మా దీవి దక్షిణ తీరంలోని ఒక హోటల్లో బంధువుల పెళ్లి విందుకు వెళ్లాను. భోజనానికి ముందు చిన్న గాజు గ్లాసుల్లో ఏదో పానీయం తెచ్చి ఇచ్చారు. దాని పేరు తిలాంబిక్ అనీ, చెరుకు తోటల్లో మన తాతలు పోలీసుల కళ్లుగప్పి కాచుకున్న సారా రుచి ఇదేననీ అక్కడి యువకుడు నవ్వుతూ వివరించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను గ్లాసు ముట్టకుండా బయటి వరండాలోకి వెళ్లి కూర్చున్నాను.

తిలాంబిక్ రుచి నాకు తెలియదు. వాసన తెలుసు. మొలాసిస్‌ను అంటే చక్కెర మిల్లులో మిగిలే మడ్డిని, నీళ్లలో కలిపి, కుళ్లిన అనాసపండ్లు వేసి, ఇనుప పీపాలో ఎండు చెరుకాకు కింద దాచేవారు. పులిసిన ఆ నీళ్లలో పడి చచ్చిన ఎలుకలను తీసి పారేసి, మిగిలినదాన్ని గుడ్డతో వడగట్టి కాచేవారు. అయినా నా అసహ్యం ఎలుకల మీద కాదు, కాచినవాడి మీదా కాదు. లైసెన్సు ఉన్న రమ్ము ధర కూలివాడికి అందేది కాదు. మొలాసిస్ మాత్రం ఏ మిల్లు దగ్గరైనా దొరికేది. ఆ రెంటి మధ్య తిలాంబిక్ పుట్టడంలో వింత లేదు. నా అసహ్యం దాన్ని అడ్డం పెట్టుకుని బతికినవారి మీద.

1967 చివరి నెలలవి. మా దీవికి తెల్లదొరల పాలన నుంచి స్వాతంత్ర్యం రావడం ఖాయమైంది. నేను సముద్రం దాటి వాల్తేరు వెళ్లి చరిత్ర చదువుకుని తిరిగివచ్చి, కాత్ర్ బోర్న్‌లో ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. మా తాత పుట్టిన ఊరు షెమాన్ గ్రెనియే. అక్కడి అమ్మోరి గుడి కమిటీ వారు తమ ఊరి తెలుగువారి చరిత్రను చిన్న పుస్తకంగా రాసిపెట్టమని నన్ను అడిగారు. స్వాతంత్ర్యం వచ్చిన రోజున అమ్మోరి ఘటాన్ని ఊరేగించి, అదే రోజు పుస్తకం విడుదల చేయాలని వారి సంకల్పం.

కమిటీ అధ్యక్షుడు జగ్గయ్య. కుర్చీలు, మంచాలు, అద్దాల బీరువాలు చేయించి అమ్మే పెద్ద షెడ్డు అతనిది. ఊళ్లో సగం కుటుంబాలకు అక్కడే పని. నన్ను తన ఇంట్లో నున్నటి కుర్చీలో కూర్చోబెట్టి, పుస్తకంలో ఏ అధ్యాయం ఉండాలో తానే చెప్పాడు. మా మాటలు చాలావరకు దీవి వాడుక భాష అయిన క్రియోల్‌లోనే సాగేవి. ఇక్కడ తెలుగు చేస్తున్నాను.

"నలభై ఎనిమిదిలో జరిగినది రాయి మిస్. దాచకు. అమ్మోరికి మైల అంటితే ఏమవుతుందో పిల్లలకి తెలియాలి."

ఏం జరిగిందని అడిగాను.

"ఘటంలో సాక పోసి ఊరేగిస్తాం కదా. అప్పట్లో సాక అంటే తిలాంబిక్కే. అబద్ధం ఎందుకు? పెంటయ్య ఎత్తేవాడు. వాళ్ల వంశానిది ఆ హక్కు. ఆ ఏడు వాడి పెళ్లాం టేర్ రూజ్‌లో పుట్టింటి దగ్గర బిడ్డను కంది. పురిటి మైలలో ఉండి ఘటం ముట్టాడు. వాడి చేతి సాక తాగినవాళ్లు ఐదుగురు పోయారు. ఇంకొందరికి చూపు పోయింది. అమ్మోరు ఊరుకుంటుందా?"

"ఆయన ఒప్పుకున్నాడా?"

"కోర్టులో ఒప్పుకున్నాడు. జడ్జి ముందు. ఎవరూ చెయ్యి కూడా వెయ్యలేదు వాడి మీద."

తెలియనివారి కోసం ఒక మాట. అమ్మోరికి పోసే సారాను మనవాళ్లు సాక అంటారు. ఘటం ఎత్తినవాడు ఇంటింటి ముందు ఆగి, ఆ సాకను తీర్థంలా దోసిళ్లలో పోస్తాడు. ఘటం దించి మొక్కు తీరేదాకా అతను పచ్చి మంచినీళ్లు కూడా తాగడు. కనుకనే పెంటయ్య బతికాడు. అతను బతకడం కూడా ఊరికి సాక్ష్యంగానే కనిపించింది.

కోర్టులో అతను అన్న మాటలు నేను ఆనాటి పత్రికలో చదివాను. సారా ఎవరిచ్చారని అడిగితే, "ఎవరిచ్చినా ఒకటే దొరా, చెడింది నా చేతిలో" అన్నాడు. మేజిస్ట్రేటుకు అమ్మోరూ తెలియదు, పురుడూ తెలియదు. దొంగసారా పోసి జనాన్ని చంపినవాడు నేరం ఒప్పుకున్నాడు, విచారణ ముగిసింది. తన మైల వల్లే సారా విషమైందని పెంటయ్య నిజంగా నమ్మాడు. ఆ నమ్మకంతోనే జైలుకు వెళ్లి, క్షయతో అక్కడే పోయాడు.

అతని భార్య అప్పలమ్మ, కూతురు గౌరీదేవి ఊరి చివర రేకుల ఇంట్లో ఉండేవారు. నేను వెళ్లిన రోజు గౌరి నాకు టీ చేసింది. కప్పు నా చేతికివ్వలేదు. కిటికీ గట్టు మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడింది, నేను తీసుకోవాలని. ఆమెకు పంతొమ్మిదేళ్లు. కుట్టుపని చేసుకునేది. కుట్టిన బట్టలు కూడా తల్లే తీసుకెళ్లి ఇచ్చేది.

"నా చేతికి ఏమైందని?" అన్నాను.

"మీ చేతికి కాదు మిస్. నా చేతికి. నేను పుట్టి ఐదుగురిని తిన్నాను. నాన్నతో ఆరుగురు." ఎన్నిసార్లో అప్పజెప్పిన పాఠంలా చెప్పింది.

"ఊళ్లో దీని పేరు మైల గౌరి," అంది అప్పలమ్మ. "ఘటం మా గుమ్మం దగ్గర ఆగదు. గుళ్లోకి మమ్మల్ని రానివ్వరు. నాకు మిగిలిన కోరిక ఒకటేనమ్మా. మా ఇంటి ఘటం మా ఇంటికి రావాలి. అది రాకపోయినా, నువ్వు చదువుకున్నదానివి, తేల్చి రాయి. నా బిడ్డ వాళ్లను చంపిందా, లేదా?"

"నాకు తెలుసు కదమ్మా," అంది గౌరి. "రాసేదేముంది?"

ఆ పిల్ల గొంతులో ఏడుపు లేదు. ఏడుపు ఉంటే నాకు కొంత సులువుగా ఉండేది. తన పుట్టుకే హత్య అని నమ్మిన మనిషి ఎంత మామూలుగా మాట్లాడగలదో ఆ రోజు విన్నాను.

అమ్మోరికి కోపం వచ్చిందా లేదా అన్నది చరిత్ర తేల్చజాలదు. ఒక కారణం నిజమైతే దాని ఫలితం ఎక్కడెక్కడ కనిపించాలో, ఎక్కడ కనిపించకూడదో మాత్రం అడగగలదు. పెంటయ్య చేతి మైలే కారణమైతే, అతని చేతి సాక తాగినవారికి మాత్రమే హాని కలగాలి. అదే వారంలో చుట్టుపక్కల ఊళ్లలో మరెవరికైనా చూపు పోయిందా? ఈ ప్రశ్న అప్పుడు ఎవరూ అడగలేదు. సెలవు రోజుల్లో బస్సెక్కి ఒక్కొక్క ఊరే అడుగుతూ వెళ్లాను. సూయాక్‌లో జాలరుల వీధిలో, "రోజర్‌ని అడగండి" అన్నారు.

రోజర్ క్రియోల్ మనిషి, దీవికి బానిసలుగా తెచ్చినవారి సంతతి. గుమ్మంలో కూర్చుని వల అల్లుతున్నాడు. కళ్లు తెల్లగా, కదలకుండా ఉన్నాయి.

"నన్ను చూడ్డానికి వచ్చావా మిస్? నేను నిన్ను చూడలేను. అందంగా ఉన్నానని నువ్వే చెప్పుకో."

"ఆయన మాటలు పట్టించుకోకు," అంది లోపలినుంచి భార్య మోనిక్. "కళ్లు పోయాయి గాని నోరు పోలేదు. దేవుడు తప్పుగా ఎంచాడు."

చూపు ఎలా పోయిందని అడిగాను.

"మా మామ చనిపోయాడు. రాత్రంతా శవం దగ్గర కూర్చోవాలి కదా, తాగకుండా ఎవరు కూర్చుంటారు? అదే వారం పోలీసులు తోటలో పడి జగ్గయ్య పీపాలు పగలగొట్టారు. అయినా అడిగితే పంపించాడు, ఒక పెద్ద సీసా. మొదటి గ్లాసుకే చెప్పాను, ఇది జగ్గయ్య కుర్చీ వాసన వస్తోందిరా అని. అందరూ నవ్వారు. రెండో గ్లాసుకి వాసన తెలియలేదు. మర్నాడు పొగమంచు కమ్మినట్టుంది. పొద్దెక్కితే పోతుందిలే అనుకున్నా. ఇంకా పోలేదు."

"ఎన్నడు?"

"షెమాన్ గ్రెనియేలో మీ మలబార్ల, అదే హిందువుల, పండగ అయిన మర్నాడే. అక్కడా జనం పోతున్నారని విన్నాం."

కుర్చీలకు మెరుగు పెట్టే స్పిరిట్. తాగితే ముందు చూపును, తరువాత ప్రాణాన్ని తీస్తుంది. పీపాలు పోయాయి, పండక్కి సాక కావాలి, సూయాక్‌కి సారా కావాలి, షెడ్డులో డబ్బాలున్నాయి. ఒక్కొక్క మెట్టూ తరువాతి మెట్టుకు దారి తీసింది. ఎక్కడా దేవత అవసరం పడలేదు.

"పోలీసులకు చెప్పలేదా?"

"జగ్గయ్య మనిషి వచ్చాడు," అంది మోనిక్, గుమ్మంలోకి వచ్చి. "దొంగసారా తాగినవాడికీ జైలే అన్నాడు. అయినా అక్కడ ఒకడు ఒప్పేసుకున్నాడు, ఇక మీకెందుకు గొడవ అన్నాడు. మా ఆయన మంచం మీద ఉన్నాడు. పిల్లలు చిన్నవాళ్లు. కి పు ఫేర్, మిస్? ఏం చేస్తాం?"

మరుసటి ఆదివారం గౌరిని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాను. నా మాట కంటే రోజర్ మాట ఆమెకు అవసరమనుకున్నాను. అతను కథ మొత్తం మళ్లీ చెప్పాడు. గౌరి గుమ్మం బయటే నిలబడి విన్నది.

"మీరు ఘటంలోది తాగలేదా? ఒక్క చుక్క కూడా?"

"ఏ ఘటం, మో తిఫి, నా తల్లీ? మాది చర్చి. మీ అమ్మోరు నాకు ఏదీ ఇవ్వలేదు, నా దగ్గర ఏదీ తీసుకోలేదు. నా కళ్లు తీసినవాడికి మీసాలున్నాయి."

తిరుగు బస్సు తోటల మధ్యకు వచ్చాక గౌరి అడిగింది. "అయితే నాన్న ఎందుకు ఒప్పుకున్నాడు?"

"మైల వల్లే అనుకున్నాడు."

"ఆ మైల నేనే కదా. నేను పుట్టకపోతే ఒప్పుకునేవాడు కాదు. జగ్గయ్య దొరికేవాడు. నాన్న బతికేవాడు." తల కిటికీ వైపు తిప్పుకుంది. "ఐదుగురు తగ్గారు. ఒకరు మిగిలారు మిస్."

ఆమె తర్కంలో తప్పు నాకు కనిపించలేదు.

అధ్యాయం రాసి కమిటీకి ఇచ్చాను. జగ్గయ్య గుడి అరుగు మీద కూర్చుని చదివించుకున్నాడు. పక్కన పూజారి వీరాస్వామి ఉన్నాడు. జగ్గయ్య కాదంటాడని, కోప్పడతాడని అనుకున్నాను. అతను రెండూ చేయలేదు.

"ఆ కాలం నీకు తెలియదమ్మాయీ. అప్పుడు అందరూ కలిపేవారు. నేను కొంచెం ఎక్కువ కలిపానేమో. కావాలని ఎవడైనా చేస్తాడా? పోయినవాళ్లలో నా బావమరిది కూడా ఉన్నాడు."

"మీకు తెలిసి కూడా పెంటయ్యను జైలుకు పోనిచ్చారు."

"నేను పంపానా? వాడే వెళ్లాడు. మధ్యలో నేను లేచి కాదు నేను అనాలా? షెడ్డు మూతపడితే ఈ ఊరు ఏం తినేది? ఈ గుడి గోడ ఎవరు కట్టేవారు?" నా వైపు వంగి, దయగా, గొంతు తగ్గించాడు. "స్వాతంత్ర్యం వస్తోంది మిస్. మనవాళ్లు నలుగురిలో తల ఎత్తుకోవాల్సిన సమయం. ఇలాంటివి రాస్తే సుక్రియే దొరలు, ఆ చక్కెర మిల్లుల తెల్లవాళ్లు, నవ్వుతారు."

చనిపోయినవారిని, గుడ్డివారిని, జైలులో క్షయతో కుళ్లిన మనిషిని, ఒక ఆడపిల్ల పంతొమ్మిదేళ్లను అతను గుడి గోడకు సున్నంలా పూశాడు. ఇప్పుడు దాని మీద కొత్త జెండా కప్పమంటున్నాడు. వీరాస్వామి తులసిమాల తిప్పుకుంటూ, అవును అవును అన్నట్లు తల ఊపుతున్నాడు. జగ్గయ్య కంటే ఆ ఊగే తలే నాకు ఎక్కువ రోత పుట్టించింది. కారణం అప్పుడు తెలియదు. వారం తిరగకుండా తెలిసింది.

ఆ రోజు నేను అప్పలమ్మ ఇంట్లోనే ఉన్నాను. వీరాస్వామి ఇత్తడి పళ్లెంలో తమలపాకులు, వక్కలు, అరటిపండ్లు పెట్టుకుని వచ్చాడు. ఘటం ఎత్తమని పిలవడానికి ఇచ్చే తాంబూలం అది. చూడగానే అప్పలమ్మ గబగబా లేచింది. చాప పరిచింది. కొంగుతో దుమ్ము కూడా దులిపింది.

"కమిటీ క్షమించింది అప్పలమ్మా," అన్నాడు వీరాస్వామి. "దోషానికి ఒక శాంతి చేయిద్దాం. స్వాతంత్ర్యం నాడు ఘటం మీ గౌరే ఎత్తుతుంది. మిస్ గారు ఆ ఒక్క అధ్యాయం తీసేస్తే చాలు."

అప్పలమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో వేడుకోలు ఉంది. అధ్యాయం తీసేయమని ఆమె అడిగితే కాదనే ధైర్యం నాకుండేదా అని ఇప్పటికీ చెప్పలేను. ఆమె అడగకముందే గౌరి మాట్లాడింది.

"తాతా, ఒకటి చెప్పండి. నేను పుట్టిన కబురు నాన్నకి ఎప్పుడు తెలిసింది?"

"ఘటం ఎత్తే రోజు పొద్దున. మీ మేనమామ సూరన్న బస్సు దిగి నేరుగా ఘటానికి పసుపు పూస్తున్న చెరుకు గట్టు దగ్గరికి వచ్చి చెప్పాడు. మీ నాన్న చేతిలో అప్పటికే పసుపు ముద్ద ఉంది."

"మా మామయ్య నాన్నకి ఒక్కడికే చెప్పానన్నాడు. మరి పసుపు ముద్ద మీకెలా కనిపించింది?"

వీరాస్వామి మాల తిప్పడం ఆపాడు.

"నాన్న మీతో చెప్పాడా?"

"చెప్పాడు. దాచే మనిషి కాదు."

"మీరేమన్నారు?"

అతను అప్పలమ్మ వైపు చూశాడు. ఆమె నేల మీదినుంచి కళ్లెత్తలేదు.

"దూరాన పుట్టింది, నీ కంట పడలేదు, దోషం అంటదు, ఎత్తు అన్నాను. ఏం చేయమంటావు? జనం వచ్చి కూర్చున్నారు. మేళం వచ్చింది. ఎత్తడం తెలిసినవాడు ఇంకొకడు లేడు."

"తరువాత?"

"తరువాత చావులు మొదలయ్యాయి. వాడు ఏడుస్తూ వచ్చి నా కాళ్ల మీద పడ్డాడు. జగ్గయ్య కూడా అక్కడే ఉన్నాడు. ఏదో ఒకటి చెప్పాలి కదా. వెళ్లి ఒప్పుకో, అమ్మోరు చల్లబడుతుంది అన్నాను. నేను ఎత్తమన్నానని వాడు ఎక్కడా చెప్పలేదు. గొప్ప భక్తుడు."

చివరి మాట అతను మెచ్చుకోలుగానే అన్నాడు. నేను బయటికి వెళ్లి ఉమ్మి వచ్చాను.

అప్పలమ్మ లేచింది. ఏళ్లుగా ఎదురుచూసిన పళ్లెం రెండు చేతులా ఎత్తుకుంది. పెరట్లో కట్టేసిన మేక ముందు పెట్టింది. తమలపాకులు, అరటిపండ్లు తొక్కలతో సహా అది నమిలేదాకా నిలబడి, ఖాళీ పళ్లెం తెచ్చి పూజారి ఒడిలో పెట్టింది.

"మా శాంతి అయింది పంతులూ. వెళ్లు."

"అప్పలమ్మా, అమ్మోరితో ఆటలా?"

"అమ్మోరితో కాదులే, నీతోనే," అంది.

వీరాస్వామి వెళ్లాక గౌరి చాప మీద కూర్చుంది. కాసేపు చేతులు చూసుకుంది. "నాన్న అడిగాడు," అంది నాతో. "వీళ్లు ఎత్తమన్నారు. వీళ్లే ఒప్పుకోమన్నారు. నేను టేర్ రూజ్‌లో పాలు తాగుతున్నాను." తరువాత లేచి చెప్పులు వేసుకుంది. "మీ పుస్తకంలో వాళ్లు వేయనివ్వరు కదా మిస్. నేనే చెప్పి వస్తాను."

పుస్తకం ఆ అధ్యాయం లేకుండానే అచ్చయింది. నా పేరు తీసేయించాను. స్వాతంత్ర్యం రోజున జగ్గయ్య మనవడు ఘటం ఎత్తాడు. సాక ప్రభుత్వ లైసెన్సు ఉన్న కొట్టు నుంచి వచ్చింది.

కానీ తాంబూలం వచ్చిన ఆ సాయంత్రమే గౌరి ఘటం వెళ్లే దారి వెంట ఇంటింటికీ వెళ్లింది. నేను వెంట ఉన్నాను. చనిపోయినవారి ఇళ్లతో మొదలుపెట్టింది. గుమ్మంలో నిలబడి, తన పేరు చెప్పి, స్పిరిట్ సంగతి, పూజారి మాట, రోజర్ ఉండే వీధి చెప్పేది. కొన్ని తలుపులు మూసుకున్నాయి. భర్తను పోగొట్టుకున్న రత్నమ్మ మాత్రం చివరిదాకా విన్నది. గౌరి ఎదురైతే ఉమ్మివేసి పక్కకు తప్పుకునే మనిషి ఆమె.

"తెలుసు," అంది రత్నమ్మ. "మా ఆయన చెప్పే పోయాడు, జగ్గయ్య సరుకు అని. మా పెద్దోడికి ఆ షెడ్డులోనే పని. ఎవరినో ఒకరిని తిట్టాలి కదా పిల్లా. నువ్వు తిడితే పడేదానివి."

తరువాతి ఇళ్లలోనూ దాదాపు అదే. ఎవరూ ఆశ్చర్యపోలేదు. నేను బస్సులెక్కి ఊరూరా వెతికిన నిజం వారి వంటిళ్లలో ఉప్పు డబ్బా పక్కన పంతొమ్మిదేళ్లుగా ఉంది. నేను ఇక తిరిగి పోదామన్నాను. ఆ గుమ్మాల ముందు నిలబడటం నా వల్ల కాలేదు.

"మీరు వెళ్లండి మిస్," అంది గౌరి. "తెలిసినవాళ్లయినా సరే, నా నోటితో వినాలి."

చీకటి పడకముందే ఆమె చివరి ఇంటి తలుపు తట్టింది.